‘హ్యూమన్ రీడబుల్’ని తెలుగులో ఏమనాలి?

ఫోల్డర్‌లోని ఫైళ్ల సైజులు చూపించే చిన్న షెల్ స్క్రిప్టు (కమాండ్లు వరుసగా రాసిపెట్టిన ఫైలు) రాశాను. దాన్ని ఎలా వాడాలో తెలుగులో నోట్సు పెడదామని కూర్చుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండుకు మైనస్ ఎల్ తగిలించి కొడితే 1073741824 అని బైట్లలో కనబడే సైజు, హెచ్ కూడా చేరిస్తే 1.0జి (జి అంటే గిగా) అవుతుంది కదా. ఆ హెచ్ అంటే హ్యూమన్ రీడబుల్, మనిషి చదవడానికి వీలుగా అని. ‘మానవ పఠనీయ’ అని రాసి చూస్తే నాకే నవ్వొచ్చింది. ‘చదవగల సైజు’ అంటే సైజే కూర్చుని చదువుతున్నట్టుంది. ‘చదవదగిన’ వ్యాకరణానికి సరే, కానీ షెల్‌లో రీడబుల్‌కి ఇంకో పని ఉంది. ఫైలు చదివే పర్మిషన్ ఉందో లేదో మైనస్ ఆర్‌తో చూస్తాం. రెండూ కలిసిపోతాయి. మీరైతే ఏమంటారు?

జవాబు: అసలు చిక్కు చదవడంలో లేదండీ. ఆ అంకెకు మన పద్ధతిలో కామాలు పెట్టండి: 1,07,37,41,824. నూట ఏడు కోట్ల ముప్ఫై ఏడు లక్షల చిల్లర అని హాయిగా చదవొచ్చు. చదివాక కూడా ఫైలు ఎంత పెద్దదో తట్టదు, అదీ బాధ. ‘కంటికి ఆనే సైజు’ అనండి. పెద్దవాళ్లు ‘చూపు ఆనడం లేదు’ అంటారే, ఆ ఆనడం.

జవాబు: మాట బాగుంది గానీ, ‘ఈ పాటి సొమ్ము వాడి కంటికి ఆనదు’ అని కూడా అంటాం. అప్పుడు పెద్ద ఫైళ్లనే చూపిస్తుందేమో అనుకుంటారు. నా ఓటు ‘ఉజ్జాయింపు సైజు’కి. జరిగేదీ అదే. 1024 బైట్లు ఒక కె కదా, 1025 బైట్ల ఫైలుకు ఎల్‌ఎస్ 1.1కె అని చెబుతుంది, పైకి సవరించి.

అడిగినవారు: ఉజ్జాయింపు నచ్చింది. నా మొదటి స్క్రిప్టుకు మాత్రం ఆ పేరు కూడా ఎక్కువే. 1536ని 1024తో భాగించమంటే, స్క్రిప్టును నడిపే బ్యాష్ అనే షెల్ 1 అని ఊరుకుంది, దానికి పూర్ణాంకాలే వచ్చు. దశాంశాలూ వచ్చిన ఆక్ అనే ఇంకో కమాండుకి అప్పజెబితే 1.5 వచ్చింది. తీరా చూస్తే ఈ పనికే నమ్‌ఎఫ్‌ఎమ్‌టి అని ఒక కమాండు ఉందట! నా లూపంతా చెరిపేశాను.

జవాబు: 1024తో భాగించినప్పుడు ఆ సంగతి కూడా రాయండి. కిలో అంటే వెయ్యి అనుకునేవాళ్లూ ఉన్నారు. 1000 లెక్కలో మీ 1.0జి ఫైలే 1.1జి అవుతుంది. 1024కి కిబి, మెబి, గిబి అని వేరే పేర్లు ఉన్నాయి, నోటికి పట్టలేదంతే.

జవాబు: వరుసలో పేర్చే సార్ట్ కమాండుకి కూడా మైనస్ హెచ్ ఉందని మరిచిపోయారు. 900కె కన్నా 2జి పెద్దదని దానికి తెలుసు. అక్కడ ‘ఉజ్జాయింపు వరుస’ అంటే అర్థమే మారిపోతుంది, వరుస తప్పొచ్చేమో అనుకుంటారు.

అడిగినవారు: నిజమే. ఎల్‌ఎస్ దగ్గర ‘ఉజ్జాయింపు సైజు, 1024 లెక్కన’ అని రాశాను. సార్ట్ దగ్గర పేరు పెట్టకుండా ‘కె, ఎం, జి చూసి పేరుస్తుంది’ అని వదిలేశాను.