లింక్డిన్ అకౌంట్ రెస్ట్రిక్ట్ అయితే ఐడీ పంపాలా, కొత్తది తెరవాలా?

గోదారిగట్టు: ఉద్యోగాల, వృత్తి పరిచయాల సైటు లింక్డిన్‌లో లాగిన్ అవగానే "మీ అకౌంట్ రెస్ట్రిక్ట్ అయింది (వాడకుండా ఆపేశాం), గుర్తింపు పత్రం చూపండి" అని వస్తే ఏం చేయాలని ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. కొందరు ఐడీ పంపేయమంటారు, కొందరు వేరే మెయిల్‌తో కొత్తది తెరుచుకోమంటారు. ఒక్కచోట తేల్చండి. కారణం చెప్పకుండా సలహా మాత్రం ఇవ్వొద్దు.

బెంచ్‌బాబు: కొత్తది తెరవడమే. ఆధార్ తీసుకెళ్లి అమెరికా కంపెనీ చేతిలో పెడతామా? ఆధార్ జిరాక్స్ ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దని ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వాళ్లే చెప్పారు.

శ్రీలత_హెచ్ఆర్: కొత్తది తెరిస్తే రెండూ పోతాయండీ. మనిషికి ఒకటే అకౌంట్ అని వాళ్ల ఒప్పందంలోనే ఉంది. అదే ఫోను, అదే బ్రౌజరు, పాత పరిచయస్తులకే మళ్లీ వరసపెట్టి రిక్వెస్టులు. ఇది పట్టుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

ముందు రెస్ట్రిక్షన్ ఏ రకమో చూడండి. ఫలానా తేదీదాకా ఆగమంటే అది తాత్కాలికం. ప్రొఫైళ్లు తెరిచి వివరాలు లాగే ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు), రిక్వెస్టులు వాటంతటవే పంపే టూల్స్ వాడితే ఇలా అవుతుంది. ఎక్స్‌టెన్షన్‌ని ఆఫ్ చేసి ఊరుకోకండి, బ్రౌజర్‌లోంచి తీసేయండి. గడువు తీరి లోపలికి వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చండి, పాత రిక్వెస్టులు వెనక్కి తీసుకోండి. వెనక్కి తీసుకున్నాక అదే మనిషికి మూడు వారాలదాకా మళ్లీ పంపనివ్వదు, అది గుర్తుంచుకోండి.

ఐడీ అడిగితే సంగతి వేరు. నాలుగు మూలలూ కనబడేలా ఫోన్‌తో ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు, లామినేషన్ మీద మెరుపు పడితే పేరు చదవలేక తిప్పికొడుతుంది. గడువు తీరిన పాస్‌పోర్ట్ పంపకండి. సెల్ఫీ అడిగితే అక్కడికక్కడే తీయాలి, గ్యాలరీలో ఉన్న ఫొటో కుదరదు.

బెంచ్‌బాబు: అదంతా సరే, ఆధార్ సంగతి చెప్పండి.

కాకతీయ77: మీరు చెప్పే ప్రకటన 2022 మే 27న ఉడాయ్ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఇచ్చింది. మే 29కల్లా కేంద్రం వెనక్కి తీసుకుంది. అంత అనుమానముంటే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, నంబర్లో చివరి 4 అంకెలే కనబడతాయి. పీడీఎఫ్ పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు, అన్నీ క్యాపిటల్స్‌లో, పక్కనే పుట్టిన సంవత్సరం. పాస్‌వర్డ్ తీయకుండా ఆ ఫైలే పంపేస్తారు కొందరు, అవతలివాళ్లకు తెరుచుకోదు. అయినా ఆధారే ఎందుకు? పాస్‌పోర్ట్ ఉంటే అదే పంపండి.

బెంచ్‌బాబు: వెనక్కి తీసుకున్నంత మాత్రాన చెప్పింది తప్పయిపోదుగా?

కాకతీయ77: జనం అపార్థం చేసుకునే అవకాశం ఉందని వెనక్కి తీసుకున్నారు. మీరు చేస్తున్నది అదే.

చిత్తూరు_చిన్నోడు: అక్కా, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ప్రొఫైల్లో "సాయి కె" అనే ఉంటుంది. కలవకపోతే ఎలా?

శ్రీలత_హెచ్ఆర్: మనవాళ్లు ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే తమ్ముడూ. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు కొండపల్లి, పేరు వెంకట సాయి కుమార్. ప్రొఫైల్లో "సాయి కె, జావా", పక్కన ఓ రాకెట్ బొమ్మ. పేరు గడిలో హోదాలు, ఫోన్ నంబర్లు, బొమ్మలు పెట్టడమే నిబంధనలకు విరుద్ధం. లోపలికి వెళ్లలేరు కాబట్టి ఇప్పుడు మార్చనూ లేరు. లాగిన్ లేకుండా తెరుచుకునే సహాయ ఫారం ఉంది. అందులో "పాస్‌పోర్ట్‌లో నా పేరు ఇది, ప్రొఫైల్లో పొట్టిగా రాశాను, పాస్‌పోర్ట్ ప్రకారం మార్చండి" అని రెండు ముక్కల్లో రాయండి. అకౌంట్‌కు ఇచ్చిన మెయిలే రాయాలి. ఒకే విషయానికి నాలుగు టికెట్లు (ఫిర్యాదులు) వేయకండి, ఒక్కదానిలోనే కొనసాగించండి.

కాకతీయ77: అక్కడా పని కాకపోతే ఇండియాలో ఉన్నవాళ్లకు ఇంకో మెట్టుంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి సైట్లకు గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఉండాలి. ఆయన తేల్చింది నచ్చకపోతే 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. 2023 నుంచి నడుస్తోంది, అంతా ఆన్‌లైనే. ఫిర్యాదు నంబరు, తేదీ, స్క్రీన్‌షాట్ దాచుకోండి, అవి లేకపోతే అప్పీలులో చూపించడానికేం ఉండదు.

బెంచ్‌బాబు: అప్పీళ్లు, కమిటీలు! మార్కెటింగ్‌లో ఉన్న కుర్రాడికి అంత టైమెక్కడిది? ఓపీటీలో, అంటే అమెరికాలో చదువయ్యాక విద్యార్థులకిచ్చే పని అనుమతిలో, మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండనివ్వరు. ఆ లెక్క మీ టికెట్ కోసం ఆగుతుందా?

శ్రీలత_హెచ్ఆర్: ఆగండాగండి. మార్కెటింగ్‌లో ఉన్న కుర్రాడా? ఇంతసేపూ ఎవరి అకౌంట్ గురించి మాట్లాడుతున్నారు మీరు?

బెంచ్‌బాబు: క్యాండిడేట్‌దే. వాడికి ఉద్యోగం వెతికిపెట్టే మా కన్సల్టెన్సీ వాడి తరఫున నడుపుతుంది, దాన్నే మార్కెటింగ్ అంటాం. అందరూ చేసేదే కదా.

శ్రీలత_హెచ్ఆర్: అలా చెప్పండి మరి. పొద్దున డాలస్‌లో కుర్రాడు లాగిన్ అవుతాడు, కాసేపటికి అమీర్‌పేట నుంచి మీవాళ్లు అవుతారు. అదే ఆఫీసు నెట్ మీద ఇంకో పది మంది అకౌంట్లు. రెస్ట్రిక్ట్ కాక ఏమవుతుంది? మీ భయం ఆధార్ గురించి కాదు. సెల్ఫీలో ముఖం చూపించాల్సింది వాడు, ప్రొఫైల్లో రాసిన ఏడేళ్ల అనుభవం వాడిది కాదు.

బెంచ్‌బాబు: నీతులు చాలండి. ఎనిమిదేళ్లు లేకపోతే రెజ్యూమే తెరవనిది మీ హెచ్ఆర్ వాళ్లే. ఫ్రెషర్ అని నిజం రాస్తే ఒక్క ఫోనైనా వస్తుందా? మీరు చెప్పండి.

శ్రీలత_హెచ్ఆర్: రావడం కష్టమే, కాదనను. కానీ అమెరికా వీసా ఫారం డీఎస్-160లో గత 5 ఏళ్లలో వాడిన సోషల్ మీడియా అకౌంట్లు అడుగుతారు, ఆ జాబితాలో లింక్డిన్ ఉంది. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ (ఉద్యోగ వీసా), హెచ్4 (వాళ్ల కుటుంబ సభ్యుల వీసా) వాళ్లు ప్రొఫైళ్లు పబ్లిక్‌గా పెట్టాలి కూడా. రెండు అకౌంట్లు, రెండు రకాల అనుభవం. పాస్‌పోర్ట్‌లో వీసా వేయించుకోవడానికి (స్టాంపింగ్‌కి) హైదరాబాద్ అమెరికా కాన్సులేట్ కిటికీ ముందు నిలబడేది వాడా, మీరా?

బెంచ్‌బాబు: అది అప్పుడు చూసుకోవచ్చు. ముందు ప్రాజెక్ట్ రానివ్వండి.

నంద్యాల_నాని: టెలిగ్రామ్‌లో 5 వేలిస్తే అన్‌లాక్ చేస్తామంటున్నారు, నమ్మొచ్చా?

కాకతీయ77: వద్దు. డబ్బుతో పాటు మీ ఐడీ ఫొటో కూడా వాళ్ల దగ్గర ఉండిపోతుంది. "రెస్ట్రిక్ట్ అయింది" అని వచ్చిన మెయిల్లో లింకు కూడా నొక్కొద్దు, యాప్ తెరిచి చూడండి. నిజమైతే అక్కడే కనబడుతుంది.

చిత్తూరు_చిన్నోడు: అకౌంట్‌కు ఇచ్చిన మెయిల్ కన్సల్టెన్సీదే అయితే? మా బ్యాచ్‌లో చాలామందికి అంతే.

శ్రీలత_హెచ్ఆర్: ఇంకా రెస్ట్రిక్ట్ కాకపోతే ఈ రాత్రే పని కానివ్వండి. సెట్టింగ్స్‌లో మీ సొంత మెయిల్ కలిపి, దాన్నే ప్రధానం చేసి, వాళ్ల మెయిల్ తీసేయండి. తర్వాత పాస్‌వర్డ్ మార్చి, మిగతా చోట్ల ఉన్న లాగిన్లన్నీ అక్కడి నుంచే ముగించి, రెండంచెల లాగిన్ పెట్టండి. డేటా కాపీకి కూడా అభ్యర్థన పెట్టండి, పరిచయాల జాబితా ఫైలు చేతికొస్తుంది. అనుభవం దగ్గర మీది కానిది తీసేయండి.

ఇప్పటికే లాక్ అయితే "ఆ మెయిల్ నా చేతిలో లేదు" అనే దారిలో వెళ్లి మీ ఐడీతో నిరూపించుకోవాలి. కన్సల్టెన్సీని ఓటీపీ అడగొద్దు, వాళ్లు ఇంకోసారి లాగిన్ అవుతారు.