పియానో నిజంగా పాడుతుందా? లిపాటి వాయించిన షూబర్ట్ రికార్డింగ్ మీద చర్చ

ఆరోహణ:
ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1827లో రాసిన జి ఫ్లాట్ ఇంప్రాంప్టు అనే చిన్న పియానో రచన (ఓపస్ 90 అనే సంపుటిలో మూడోది) గురించి మొదలుపెడుతున్నాను. దీన్ని రొమేనియా పియానిస్టు డిను లిపాటి 1950 సెప్టెంబర్ 16న ఫ్రాన్స్‌లోని బెజాన్సాన్‌లో వాయించిన కచేరీ రికార్డింగ్ ఉంది. అప్పటికే ఆయనకి హాడ్జ్‌కిన్స్ జబ్బు (ఒక రకం కేన్సర్) బాగా ముదిరింది. డాక్టర్లు వద్దన్నా వెళ్లి వాయించాడు. ప్రోగ్రాంలో ఉన్న షోపాన్ వాల్ట్జుల్లో ఆఖరిది వాయించే ఓపిక లేక వదిలేశాడు. డిసెంబర్ 2న 33 ఏళ్లకే పోయాడు.

ఆ రికార్డింగ్ మోనో, అంటే శబ్దమంతా ఒకే చానల్‌లో ఉంటుంది. ఇప్పటి డిజిటల్ రికార్డింగుల పక్కన పెడితే శబ్దం పలచగా, ఎడమచేతి వైపు మసగ్గా ఉంటుంది. అయినా పియానో ఇంతలా పాడటం నేను వేరే ఎక్కడా వినలేదు. మంచి హాలు, మంచి మైకులు, మంచి పియానో అన్నీ కుదిరిన ఎన్నో రికార్డింగుల్లో ఇదే మెలొడీ ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. లిపాటి దగ్గర మాత్రం ఒక్క ఊపిరిలో పాడినట్టు సాగుతుంది.

నా వాదన ఇదీ: ఒక స్వరం తగ్గిపోతుండగా తర్వాతి స్వరాన్ని ఏ క్షణాన, ఎంత బరువుతో అందుకున్నారన్నదే పియానో పాట. శబ్దం అందం దాని తర్వాతే. అందుకే పాత మోనో దాన్ని చెడగొట్టలేకపోయింది. ఒప్పుకోనివాళ్లు చెప్పండి.

సిగ్నల్_నాయిస్:
ఆరోహణ గారూ, నేను ఒప్పుకోను. పియానోలో కీ నొక్కితే చిన్న సుత్తి లేచి తీగని కొడుతుంది. తీగకి తగిలే ముందే ఆ సుత్తి కీ నుంచి విడిపోతుంది. ఆ ఆఖరి క్షణంలో వాయించేవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. సుత్తి ఎంత వేగంతో వెళ్లిందన్నదొక్కటే లెక్క. 1934లోనే పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని కొలిచారు. మహా పియానిస్టు వేలు అయినా, యంత్రం అయినా, వేగం ఒకటే అయితే వచ్చే శబ్దమూ ఒకటే అని తేల్చారు. జేమ్స్ జీన్స్ అనే భౌతికశాస్త్రవేత్త ఇంకా ముందుకెళ్లి, వేలితో నొక్కినా గొడుగు కొనతో నొక్కినా తేడా ఉండదని రాశాడు.

దెబ్బ పడిన క్షణం నుంచి శబ్దం తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. గాయకుడు ఒక స్వరాన్ని పట్టుకుని పెంచగలడు. వయొలిన్ కమాను ఆ పని చేయగలదు. పియానో చేయలేదు. 1950 నాటి కచేరీ అనీ, చావుకి ముందు వాయించినదనీ తెలిసి వింటున్నారు కాబట్టి మీకు పాట వినిపిస్తోంది. పేరు చెప్పకుండా వినిపిస్తే ఏమంటారో చూడాలని ఉంది.

నల్లమెట్లు:
నేను పియానో నేర్పుతాను, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

సిగ్నల్_నాయిస్ గారు చెప్పిన సైన్స్ నిజమే. కానీ అది ఒక్క స్వరం గురించి. ఒక్క స్వరాన్ని వినడానికి కచేరీకి ఎవరూ వెళ్లరు కదా. ఈ ఇంప్రాంప్టులో కుడిచెయ్యి ఏం చేస్తోందో చూడండి. మెలొడీ అంతా దాదాపు చిటికెన వేలు, దాని పక్క వేలు మీదే నడుస్తుంది, అంటే చేతిలో అన్నిటికన్నా బలహీనమైన వేళ్ల మీద. అదే చేతిలో మిగతా వేళ్లు మధ్యలో గలగలమని విరిగిన కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలని ఒక్కొక్కటిగా) ఆపకుండా వాయిస్తుంటాయి. ఆ వేళ్లని మెత్తగా ఉంచి, చివరి రెండింటికీ బరువు ఇవ్వాలి. మొదట్లో మెలొడీ ఒకే స్వరం మీద పదేపదే నిలబడుతుంది. మొదటిసారి గట్టిగా వాయిస్తే రెండోది దానికంటే తగ్గాలా, పెరగాలా? అప్పటికి మొదటి స్వరం సగం ఆరిపోయి ఉంటుంది. అది ఎంత మిగిలిందో చెవితో పట్టుకుని, ఆ మిగిలినదాని నుంచే రెండోది మొదలైనట్టు వాయించాలి. పిల్లలకి నేర్పేటప్పుడు ఎక్కువ టైం దీనికే పోతుంది. వేళ్లు చాలా త్వరగా వచ్చేస్తాయి, ఈ వినడం రావడానికి ఏళ్లు పడుతుంది.

కొలిచి చూసిన విషయం ఇంకొకటుంది. మంచి పియానిస్టులు మెలొడీ స్వరాన్ని మిగతా స్వరాలకన్నా సుమారు 30 మిల్లీసెకన్లు ముందు వాయిస్తారు. గట్టిగా నొక్కిన కీ సుత్తి ముందే చేరుతుంది కాబట్టి చాలావరకు అది దానంతటదే జరిగిపోతుంది. మన చెవి ఆ తేడాని ఆలస్యంగా గుర్తించదు, పైన ఒక గొంతు వేరుగా ఉందని గుర్తిస్తుంది.

మీటు:
నాది వీణ. నల్లమెట్లు గారూ, మీరు చెప్పినదంతా తెలివైన ఉపాయమే, కాదనను. కానీ పాట అనడానికి నాకు మనసొప్పదు. వీణ మీటు కూడా మీటిన క్షణం నుంచి తగ్గుతూనే పోతుంది. అయితే తగ్గుతున్న ఆ శబ్దాన్నే తీగ లాగి, జారు వేసి, గమకం ఇచ్చి బతికిస్తాం. ఒక మీటులో మూడు నాలుగు స్వరాలు పలుకుతాయి. పియానోలో కీ నొక్కాక ఇక చేతిలో ఏముంది?

ఆకాశవాణి 1940లో హార్మోనియంని పక్కన పెట్టింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. మెట్ల మధ్య ఉన్న శ్రుతి పలకదు, గమకం రాదు అన్నదే అభ్యంతరం. పియానోకీ అదే వర్తిస్తుంది.

రంగస్థలం:
మీటు గారూ, నిషేధం రేడియోలో ఉన్నన్నాళ్లూ మన పద్యనాటకాల్లో హార్మోనియం ఎక్కడికీ పోలేదండీ. నటుడు రాగం తీసి ఊపిరి కోసం ఆగినప్పుడు ఆ రాగాన్ని పట్టుకుని నడిపించేది హార్మోనిస్టే. మెట్లకి గమకం రాదని తెలిసీ జనం వన్స్‌మోర్ కొట్టారు. పాడటమంటే గమకం ఒక్కటే అయితే అది జరిగేది కాదు.

ఆరోహణ:
మీటు గారి అభ్యంతరం బలమైనదే. ఆ సంగీతం రాసినవాళ్లకీ ఈ కొరత తెలుసు. జర్మన్ స్వరకర్త బాహ్ కాలంలో ఉన్న క్లావికార్డ్ అనే మెట్ల వాద్యంలో వేలు కీ మీద ఉన్నంతసేపూ లోపలి లోహపు ముక్క తీగని తాకే ఉంటుంది, కాబట్టి వేలు కదిపితే స్వరం వణికేది. పియానో ఆ సౌకర్యాన్ని పోగొట్టుకుంది. అయినా ఆశ వదల్లేదు. బాహ్ 1723లో తన ఇన్వెన్షన్స్ అనే అభ్యాస రచనల మొదటి పేజీలోనే, విద్యార్థులు అన్నిటికన్నా ముఖ్యంగా పాడినట్టు వాయించడం నేర్చుకోవాలని రాసుకున్నాడు. బీతోవెన్ 1821 నాటి ఓపస్ 110 సొనాటాలో ఒకే స్వరాన్ని జతజతలుగా ముడివేసి, ఒక్కో జతకి రెండేసి వేళ్ల నంబర్లు రాశాడు. పోయిన ఆ వణుకుని పియానో మీదికి తేవాలనే రాశాడని నేను నమ్ముతాను. షోపాన్ అయితే ఇటాలియన్ ఒపేరా గాయకులని వెళ్లి వినమని శిష్యులని పంపేవాడు. పాట నేర్చుకోమని కూడా చెప్పేవాడు.

మీటు:
ఆశపడ్డారు సరే. నెరవేరిందా అన్నదే నా ప్రశ్న.

ఆరోహణ:
షోపాన్ నాక్టర్న్ (రాత్రిని తలపించే పియానో రచన) ఓపస్ 55లో రెండోది, ఇగ్నాజ్ ఫ్రీడ్‌మన్ అనే పియానిస్టు 1936లో రికార్డ్ చేసింది, ఒకసారి వినండి. కుడిచేతిలోనే రెండు గొంతులు ఉంటాయి. ఒకటి ఆగిన చోట రెండోది అందుకుంటుంది, ఒక్కోసారి రెండూ కలిసి నడుస్తాయి. ఒక గాయనికి అది సాధ్యం కాదు. మన వీణలో ఉన్నది ఇక్కడ లేకపోవచ్చు, ఇక్కడున్నది కూడా నిజమైనదే.

శ్రుతిపెట్టె:
పియానోలు శ్రుతి చేసే పని నాది. మీరెవరూ చెప్పనిది ఒకటుంది. పై స్వరాల్లో ఒక్కో కీకి మూడు తీగలుంటాయి. మూడూ ఒక్కటై కదిలినంతసేపు శబ్దం వేగంగా చెక్కలోకి దిగి తగ్గిపోతుంది. ఏ రెండు తీగలూ అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి కాసేపటికి వాటి కదలిక ఒకదానికొకటి ఎదురవుతుంది, అప్పుడు మిగిలిన శబ్దం సన్నగా చాలాసేపు నిలుస్తుంది. గాబ్రియల్ వైన్‌రైక్ అనే శాస్త్రవేత్త 1977లో దీన్ని లెక్కకట్టి చూపించాడు. అంటే పియానో శబ్దం ఒకే తీరుగా తగ్గదు. ముందు గబగబా, తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఆ మెల్లగా తగ్గే భాగమే మీరు పాట అంటున్నది. ఎడమ పెడల్ నొక్కితే సుత్తి మూడిట్లో రెండు తీగలనే కొడుతుంది, మూడోది వాటిని చూసి కదులుతుంది. అప్పుడు ఆ రెండో భాగం ఇంకా బాగా పైకి వస్తుంది. కాబట్టి ఆరోహణ గారూ, సగం పాట వాయించేవాళ్లది, సగం శ్రుతి చేసినవాళ్లది. రికార్డు అట్టల మీద మా పేర్లు కూడా వేస్తే బాగుంటుంది, నిజంగానే అంటున్నాను.

హైదరాబాదీ_బాహ్:
మరి కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ సంగతేంటి? స్వరాలన్నీ విడివిడిగా, కలపకుండా వాయిస్తాడు. మీ లెక్క ప్రకారం ఆయన పియానో అస్సలు పాడకూడదు. బాహ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ మొదట్లో వచ్చే ఆరియా 1955లో రెండు నిమిషాల లోపు ముగించాడు, 1981లో అదే మూడు నిమిషాలు దాటింది. ఆ రెండోది వింటే నాకు గొంతు పట్టేస్తుంది.

నల్లమెట్లు:
అందులో పాడేది ఆయన నోరు. వెనక కూనిరాగం స్పష్టంగా వినిపిస్తుంది. వేళ్లు మాట్లాడుతున్నాయి, పాడటం లేదు.

హైదరాబాదీ_బాహ్:
అది అన్యాయం మేడమ్. కలిపి వాయిస్తేనే పాటా? ఒక్కో అక్షరం విడిగా పలుకుతూ పాడేవాళ్లు లేరా? తర్వాతి స్వరం ఎక్కడికి వెళ్తోందో ఆయన దగ్గర ముందే తెలిసిపోతుంది, నాకు అది చాలు.

సిగ్నల్_నాయిస్:
గూల్డ్ పేరు వచ్చింది కాబట్టి నా వైపు సాక్ష్యం ఇస్తాను. ఆ 1955 రికార్డింగ్‌ని జెన్ఫ్ అనే అమెరికన్ సంస్థ కంప్యూటర్‌తో విశ్లేషించింది. ఏ కీ ఎప్పుడు, ఎంత వేగంతో పడిందో రాబట్టి, తనంతట తానే వాయించే యమహా డిస్‌క్లావియర్ పియానో చేత తిరిగి వాయింపజేసింది. సోనీ దాన్ని 2007లో విడుదల చేసింది. ఎదురుగా మనిషి లేడు, వేలు లేదు. విన్న చాలామంది గూల్డే అన్నారు. టచ్, గొంతు, ఆత్మ అంటున్నదంతా సమయం, వేగం అనే రెండు అంకెల్లోకి వచ్చేసింది. ఆ అంకెలు ఏ పియానోకి ఇచ్చినా చాలు.

ఆరోహణ:
ఏ పియానోకి ఇచ్చినా చాలదు, నా అభ్యంతరం అక్కడే. గూల్డ్ ఆ అంకెలని న్యూయార్క్‌లో తన ముందున్న పియానోని వింటూ ఎంచుకున్నాడు. ఆ పియానోలో ఒక స్వరం ఎంతసేపట్లో ఆరిపోయిందో, దానికి సరిపోయేలా తర్వాతి స్వరం వేశాడు. శ్రుతిపెట్టె గారు ఇప్పుడే చెప్పారు, ఆ ఆరిపోయే తీరు తీగలని బట్టి, శ్రుతిని బట్టి మారుతుంది. వేరే గదిలో, వేరే పియానో మీద అవే అంకెలు నడిపితే ముందు స్వరం ఇంకా మోగుతుండగానో, పూర్తిగా పోయాకో తర్వాతిది పడొచ్చు. ఊళ్లు తిరిగే పియానిస్టులు హాలుని బట్టి వేగం మార్చుకునేది ఇందుకే. అక్కడ మనిషే ఉండి ఉంటే విని సరిచేసుకునేవాడు. యంత్రం వినదు.

నల్లమెట్లు:
సరిగ్గా ఇదే. స్టూడెంట్స్ ఇంట్లో డిజిటల్ పియానో మీద ప్రాక్టీస్ చేసి, నా దగ్గరికొచ్చి పెద్ద పియానో మీద అదే వాయిస్తారు. వేళ్లు తప్పు పోవు, పాట పోతుంది. కీ మీద నుంచి చెయ్యి తీసేసి, శబ్దం పూర్తిగా పోయేదాకా వినమంటాను.

సిగ్నల్_నాయిస్:
ఇది కొలవగలిగిన మాట, కాబట్టి నాకు నచ్చింది. 1955 అసలు రికార్డింగ్, 2007ది రెండూ తీసుకుని ఆరియా మొదటి నాలుగు బార్లలో (తాళం విభాగాల్లో) ప్రతి మెలొడీ స్వరం మొదలయ్యేటప్పుడు ముందు స్వరం ఎంత మిగిలిందో గ్రాఫ్ గీస్తాను. రెండింట్లో ఆ మిగులు వేరుగా ఉండి, పాట తగ్గినట్టు మీ అందరికీ వినిపిస్తే అప్పుడు మాట్లాడదాం. ఒక్క షరతు: ఏది ఏదో చెప్పకుండానే వినిపిస్తాను. మీటు గారూ, మీరూ రావాలి.

మీటు:
వస్తాను. నా చెవికి గూల్డ్ కొత్త, కాబట్టి పక్షపాతం ఉండదు.