ఒకే షెడ్డు, నాలుగు ఊళ్ల జనం: సూపర్‌వైజర్ అందరితో ఒకేలా ఉండాలా?

షిఫ్టు బి:
భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజర్ని. పీలింగ్ టేబుళ్ల దగ్గర చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, శ్రీకాకుళం వాళ్లు, ఒడిశా అమ్మాయిలు. ఫ్రీజర్ సెక్షన్లో బీహార్ కుర్రాళ్లు. మేనేజర్ గారిది పాత పద్ధతి: అందరికీ ఒకటే రూలు, ఒకటే గొంతు. ఈమధ్య వచ్చిన హెచ్‌ఆర్ మేడం ఏమో ట్రైనింగులు పెట్టి మనిషిని బట్టి తీరు మార్చుకోమంటారు. ఆవిడ చెప్పినట్టు చేస్తే "వాళ్లకో న్యాయం, మాకో న్యాయమా" అని మనవాళ్లే నిలదీస్తున్నారు. ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి, మారాలా అక్కర్లేదా?

టైగర్ కాలం మనిషి:
అక్కర్లేదు తమ్ముడూ. ఇప్పుడు అందరూ పెంచే వనామీ రకం రొయ్య 2009లో వచ్చింది. నేను అంతకుముందు టైగర్ రొయ్య రోజుల నుంచీ షెడ్డులో ఉన్నాను. అర్ధరాత్రి చెరువులో పట్టిన రొయ్యల లారీ గేటులోకి వచ్చి ఐసు కరిగిపోతుంటే, ఒక్కొక్కళ్ల దగ్గరా కూర్చుని నచ్చజెప్పే టైము ఎవరికుంది? ఆలస్యమైతే రొయ్య తల దగ్గర నలుపు తిరుగుతుంది, సరుకు కింది గ్రేడులోకి పోతుంది. రొయ్యకి భాష తెలీదు. గట్టిగా ఒక్క కేక వేస్తే ఒడియా వాళ్లకీ అర్థమవుద్ది, మనవాళ్లకీ అర్థమవుద్ది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు ఓనర్లు పడ్డ టెన్షన్ చూశాం కదా. అలాంటి వ్యాపారంలో ఈ ట్రైనింగులొకటి!

రాజమండ్రి మాస్టారు:
ఎంబీఏ పిల్లలకి పాఠాలు చెబుతుంటాను, ఆ అలవాటుతో కాస్త పొడుగ్గా రాస్తున్నా. కేక వేస్తే పని జరుగుతుంది, నిజమేనండి. ఎంతసేపు జరుగుతుందన్నదే ప్రశ్న. 1939లో కుర్ట్ లెవిన్, లిపిట్, వైట్ అనే ముగ్గురు అమెరికాలో పదేళ్ల మగపిల్లల క్లబ్బులు పెట్టి చూశారు. అజమాయిషీ చేసే పెద్దాయన గదిలో ఉన్నంతసేపూ పిల్లలు బాగానే పనిచేశారు. ఆయన బయటికి వెళ్లగానే పని జారిపోయింది. నలుగురూ మాట్లాడుకుని పని పంచుకున్న గుంపుల్లో ఆయన లేకపోయినా పెద్దగా తేడా రాలేదు. పిల్లల మీద చూసినదాన్ని ఫ్యాక్టరీకి యథాతథంగా అతికించకూడదు, ఒప్పుకుంటాను. కానీ లారీ వచ్చిన రాత్రి మీ మేనేజర్ గారు ఎక్కడుంటారు?

అలాగని మేడం గారి మాట కూడా పూర్తిగా నిలబడదు. పనివాణ్ణి బట్టి తీరు మార్చుకోవడం అన్న సంగతిని 1969లో హెర్సీ, బ్లాంచర్డ్ అనే ఇద్దరు ఒక పద్ధతిగా రాశారు. చాలా ట్రైనింగులకి మూలం అదే. వాళ్లు మనిషి ఏ రాష్ట్రంవాడో చూడమనలేదు. ఆ పని అతనికి ఎంత వచ్చో, దానికి ఎంత సిద్ధంగా ఉన్నాడో చూడమన్నారు. కొత్తవాళ్లకి అడుగడుగునా చెప్పాలి, చేయి తిరిగినవాళ్లకి వదిలేయాలి. ఏళ్ల తరబడి రొయ్య ఒలుస్తున్న ఒడిశా ఆవిడ పక్కన నిలబడి ఒలవడం నేర్పుతుంటారు. నిన్న చేరిన పాలకొల్లు కుర్రాణ్ణి "మనవాడేలే, తెలుసుకుంటాడు" అని ఫ్రీజర్ దగ్గర వదిలేస్తారు. రెండూ తప్పే. అదే ఆవిణ్ణి రేపు రొయ్యల్ని విడివిడిగా గడ్డకట్టించే ఐక్యూఎఫ్ మిషన్ మీదకి మారిస్తే ఆవిడకీ మొదటినుంచి చెప్పాల్సిందే. "బీహారీలు మొండి, ఒడియావాళ్లు నెమ్మది" అని నేర్పే ట్రైనింగు అయితే మాత్రం దానికన్నా మేనేజర్ గారి కేకే మేలు.

టేబుల్ నంబర్ నాలుగు:
నేను ఒలుపు పనిలో ఉండేదాన్నండి, ఇప్పుడు మానేశాను. ఎవరు ఎలా మాట్లాడారన్నది తర్వాత. మాది కిలోల లెక్క. తూకం మాకు కనపడేది కాదు, రాసేవాడు చెప్పిందే లెక్క. బయటి పిల్లలకి ఆ అంకె తెలుగులో చెప్పేవారు, వాళ్లు అర్థం కాకపోయినా తలూపేవాళ్లు. వాళ్లతో మా సూపర్‌వైజర్ మహా ప్రేమగా ఉండేవాడు, "బేటీ, బేటీ" అంటూ. ఎందుకంటే వాళ్లు ప్లాంటు వెనక రూముల్లోనే ఉంటారు, ఎంత పొద్దుపోయినా పిలిస్తే వస్తారు, ఎక్కడికీ పోలేరు. మేము ఆటో టైముకి లేచిపోతామని కేకలన్నీ మా మీద. మనిషిని బట్టి మారడం అంటే ఇదేనా? తియ్యగా మాట్లాడి ఓవర్‌టైము ఎగ్గొట్టేవాడికన్నా తిట్టినా నా లెక్క నాకు ఇచ్చేవాడి దగ్గరే చేస్తాను నేను.

టైగర్ కాలం మనిషి:
అమ్మా, అందరూ అలా ఉండరు. నా షెడ్డులో తూకం తేడా ఉందని ఏనాడూ ఎవరూ అనలేదు.

టేబుల్ నంబర్ నాలుగు:
అనాలంటే మీరు కేకలు ఆపాలి కదండీ.

మండపేట మిల్లు:
మాది రైసు మిల్లు. బస్తాలు మోసేది చాలావరకు బీహార్ జట్టే. దీపావళి వెళ్లిన ఆరో రోజు వాళ్లకి ఛఠ్ పండగ. సరిగ్గా అప్పుడే మనకి సార్వా, అంటే ఖరీఫ్ వరి, కోతలు అందుకుంటాయి. సెలవు లేదంటే జట్టు జట్టంతా చెప్పకుండా రైలెక్కేస్తుంది, మా పక్క మిల్లులో అదే జరిగింది. మేము ఈ ఏడు సగం మంది, వచ్చే ఏడు మిగతా సగం అన్నాం. ఎవరు ముందన్నది జట్టు మేస్త్రి, వాళ్లూ కూర్చుని తేల్చుకున్నారు. నేను తేలిస్తే పెద్ద గొడవయ్యేది. మనవాళ్లు అడిగితే ఒకటే చెప్పాం: సెలవు రోజుల లెక్క అందరికీ సమానం, ఏ పండక్కి వాడుకుంటారో మీ ఇష్టం. సంక్రాంతికి మనవాళ్లు కోడిపందేల బరిలో ఉంటే మిల్లు కాసేది వాళ్లేనండి, ఆయ్.

రాజమండ్రి మాస్టారు:
నాలుగో టేబులు ఆవిడ చెప్పిందాంతో నా మాట కొంచెం బిగిస్తాను. చెప్పే తీరు, భాష, సెలవుల సర్దుబాటు మారొచ్చు. రేటు, తూకం, ఓవర్‌టైము మనిషిని బట్టి మారకూడదు. వలస వచ్చినవాళ్లకి అదే పని చేసే స్థానికులకన్నా తక్కువ కూలి ఇవ్వకూడదని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలోనే ఉండేది (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది). ఇంకోటి, 2024 మార్చిలో కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే అమెరికా సంస్థ మన రొయ్యల పరిశ్రమలో పనివాళ్ల పరిస్థితి మీద రిపోర్టు ఇచ్చింది. సుంకం గురించి బెంగపడే ఓనర్లు కొనేవాళ్లు అలాంటివి కూడా చదువుతారని గుర్తుంచుకోవాలి.

షిఫ్టు బి:
తూకం డిస్‌ప్లే ఒలిచేవాళ్ల వైపు తిప్పుదామని ఇవాళ మేనేజర్ గారిని అడిగాను. రాసేవాళ్లకి కనపడదన్నారు. వెనక వైపు రెండోది తగిలించొచ్చంటారా?

టేబుల్ నంబర్ నాలుగు:
తగిలించండి. దాంతోపాటు కిలోలు రాసిన చీటీ కూడా ఇప్పించండి బాబూ, సాయంత్రం రూముకెళ్లి కూడుకుంటారు.

టైగర్ కాలం మనిషి:
డిస్‌ప్లేకి పెద్ద ఖర్చు కాదు, పెట్టించు. లారీ వచ్చిన రాత్రి ఆ చీటీలు ఎవరు రాస్తారో మాత్రం ముందే తేల్చుకో.