ఇంటర్నేషనల్ లా ప్రొఫెసర్ అయితే జీవితాంతం పాఠాలేనా?

వైజాగ్_లా: ఎల్ఎల్‌బీ ఫైనలియర్ అండీ. నాకేమో పబ్లిక్ ఇంటర్నేషనల్ లా (దేశాల మధ్య నడిచే చట్టం) మీదే మనసు, ఇంట్లో మాత్రం జ్యుడీషియరీకి ప్రిపేర్ అవ్వమని ఒకటే పోరు. ప్రొఫెసర్ అయ్యాక క్లాసులు, పేపర్లు దిద్దడం తప్ప ఇంకేమైనా ఉంటుందా?

పాత_సీనియర్: జేమ్స్ క్రాఫర్డ్ గారి కెరీర్ చూడండి. 1948లో అడిలైడ్‌లో పుట్టారు, ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్, 1992 నుంచి కేంబ్రిడ్జ్‌లో ప్రొఫెసర్, అప్పుడే ఐక్యరాజ్యసమితి ఇంటర్నేషనల్ లా కమిషన్‌లో (అంతర్జాతీయ చట్టాల ముసాయిదాలు రాసే నిపుణుల బృందం) మెంబరు కూడా. ఒక దేశం తప్పు చేస్తే బాధ్యత ఎలా తేల్చాలి అన్న టాపిక్ 1950ల నుంచి నలుగుతూనే ఉంది, 1997లో ఈయన చేతికొస్తే 2001కల్లా 59 ఆర్టికల్స్‌గా ఒక కొలిక్కి తెచ్చేశారు! మధ్యలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో వాదనలు... జపాన్ తిమింగలాల వేట కేసులో ఆస్ట్రేలియా తరఫు లాయర్లలో ఈయనొకరు, 2014లో గెలిచారు. మరుసటేడు అదే కోర్టులో జడ్జి, 2021లో పోయేదాకా.

నెట్_బాధితుడు: అవన్నీ పైస్థాయి కథలు బాబూ. ఇక్కడ ముందు ఎల్ఎల్ఎంలో 55 శాతం తెచ్చుకుని నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) కొట్టాలి, లేదా పీహెచ్‌డీ ఉండాలి. చేరాక కూడా నీ సబ్జెక్టే ఇస్తారని గ్యారంటీ లేదు, కాంట్రాక్ట్సో ఫ్యామిలీ లానో చెప్పమంటారు.

గోదారోడు: మన పెమ్మరాజు శ్రీనివాసరావు గారిని మర్చిపోయారా? ఆయనది ప్రొఫెసర్ రూటు కాదులే, విదేశాంగ శాఖ లీగల్ అడ్వైజర్. అయినా అదే కమిషన్‌లో, సరిహద్దు దాటే నష్టాన్ని ముందే ఆపడం మీద స్పెషల్ రాపోర్టర్‌గా (ఒక టాపిక్ బాధ్యత తీసుకుని రిపోర్టులు రాసే మెంబరు) చేశారు, అదీ 2001లోనే పూర్తయింది. తమ్ముడూ, ఫ్రెంచ్ ఇప్పట్నించే మొదలెట్టు, హేగ్ కోర్టులో ఇంగ్లిష్‌తో పాటు అదీ అధికార భాషే.