“ఏ బండ్లె పోతవ్ కొడుకో”: ఇందులో ‘కొడుకో’ తిట్టా, పిలుపా?

ప్రశ్న: బండి యాదగిరి ‘బండెనక బండి’ పాటలో నిజాం నవాబును ‘కొడుకో’ అనడం ఏమిటి? మా ఇంట్లో అమ్మ నన్ను ముద్దుగా ‘కొడుకా’ అంటుంది. రెండూ ఒకటేనా?

జవాబు: మాట ఒకటే, విసురు వేరు. ముద్దుకు పిలిస్తే ‘కొడుకా’ అని మెత్తగా ఆగుతుంది. కయ్యానికి పిలిచేటప్పుడు ‘కొడుకో’ అని సాగుతుంది, గొంతు లేస్తుంది. ‘ఏ బండ్లె పోతవ్’ అంటే ఏ బండిలో తప్పించుకుపోతావని నిలదీయడం.

ఈ ధిక్కారం బరువు తెలియాలంటే ఆనాటి పలకరింపులు గుర్తు చేసుకోవాలి. గడీ (దొర కోట లాంటి ఇల్లు) ముందు చెప్పులు చేతబట్టుకొని ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అన్న నోళ్లవి. ఏలిక అయిన నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను ‘ఆలా హజ్రత్’ అనాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో (1946–51) అదే నోరు ‘పోతవ్’ అని ఏకవచనానికి దిగింది. ‘సర్కార్’ అనే ఫారసీ గౌరవపదానికి ‘ఓడు’ తగిలించి ‘సర్కరోడా’ అంది. తుపాకి అందరికీ దొరకదు, ఈ ‘ఓడా’ మాత్రం నాట్లేసే ఆడవాళ్లకూ దొరికింది. నాకు ఈ పాటలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

ఇంకో చరణం: ‘నాజీల మించినవ్‌రో నైజాము సర్కరోడా’. ప్రపంచయుద్ధం ముగిసింది 1945లో. ఆ యుద్ధం మిగిల్చిన మాటను పాట వెంటనే అందుకుంది, పైగా నా–నై యతి కుదిరేలా! పల్లవిలో ‘బండెనక’కు ‘పదహారు’ కూడా బ–ప యతే. యాదగిరి లెక్కగట్టి పెట్టాడనను, చెవికి తెలిసి పడ్డదంటాను.

మరో ప్రశ్న: ‘బండెనక’ ఏ సంధి?

జవాబు: బండి వెనక. పలుకుబడిలో నడుమ ‘వ’ జారిపోయి, దాని ముందరి ‘ఇ’ కూడా పోయింది. ‘ఇంటెనక’, ‘చెట్టెనక’ అంటాం కదా, అలాగే. విడదీసి ‘బండి వెనక బండి’ అని పాడి చూడండి, ఎద్దుల నడక తప్పుతుంది.

‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతుతో విన్నవాళ్లమే ఎక్కువ. అంతకుముందు ఊళ్లో పెద్దల నోట విన్నవాళ్లుంటే చెప్పండి: ‘బండి కట్టి’ అనేవారా, ‘బండి గట్టి’ అనేవారా?