అప్‌డేట్: కేసింగ్ వేసి 22 రోజులైనా మొగ్గ రాని బటన్ పుట్టగొడుగులు (కారణం దొరికింది)

సోంపేట దగ్గర మా షెడ్‌లో కేసింగ్ (కంపోస్టు మీద పరిచే పై పొర) వేసి 22 రోజులైనా ఒక్క మొగ్గా రాలేదని ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ దండాలు.

కేసింగ్‌లో వాడిన కొబ్బరి పొట్టు ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) చూపించమన్న అన్నయ్య మాటే నిజమైంది. ల్యాబ్‌లో చూపిస్తే ఉప్పు బాగా ఎక్కువని తేలింది. ఉద్దానంలో పీచు మిల్లు నుంచి తెచ్చిన పొట్టును కడగకుండానే కలిపేశాను. వేలితో తవ్వి చూస్తే, కంపోస్టంతా తెల్లగా అల్లుకున్న పుట్టగొడుగు పోగులు పొట్టు తగిలిన చోట కత్తిరించినట్టు ఆగిపోయి ఉన్నాయి. చూసి కడుపు తరుక్కుపోయింది.

ఈ బ్యాచ్‌కి పొట్టును మంచినీళ్లలో నానబెట్టి 3 సార్లు పిండాను. మొదటి నీళ్లు డికాక్షన్ రంగులో దిగాయి. ఈసీ మళ్లీ చూపించాకే బాగా మాగిన గత్తం, సుద్దపొడి కలిపి పీహెచ్ 7.5కి తెచ్చాను. 65 డిగ్రీల ఆవిరి 6 గంటలు పట్టించి, చల్లారాక 4 సెంటీమీటర్ల మందాన పరిచాను. వారం తర్వాత గది 17 డిగ్రీలకు దించి, తాజా గాలి వదిలాను. 15వ రోజు పొద్దున్నే గుండుసూది తలల్లా మొగ్గలు!

స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) మీద అనుమానం అనవసరం, ఈసారీ అదే చోట కొన్నాను. ఏసీ కూడా పాతదే, తప్పు దానిదీ కాదు. పొట్టు వాడేవాళ్లు మాత్రం ముందు ఈసీ చూపించండి.