పార్కులో టెంట్లు పీకేస్తే సిటీ పని అయిపోయినట్టేనా?

వానలో_బాబాయ్:
మాది ఓరెగన్, ఊరి పేరెందుకులెండి. తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారు రోజూ పొద్దున్నే ఇంటి వెనక పార్కులో వాకింగ్ చేస్తారు. మొన్న వచ్చి "ఒరే, ఉయ్యాలల పక్కన తొమ్మిది టెంట్లున్నాయిరా, అందులో ఒకాయన నాకు గుడ్ మార్నింగ్ కూడా చెప్పాడు, అమెరికాలో కూడా ఇంతమందికి ఇళ్లు లేవా" అన్నారు. ఆయనకి జాలి, నాకేమో మండుతోంది, ఎందుకంటే పోయిన నెల మా పాప ఆడుకునే ఇసుకలో సిరంజి దొరికింది. సిటీకి (మన మున్సిపాలిటీ లాంటిదే) కంప్లైంట్ పెడితే మూడు వారాలకి వచ్చి ఖాళీ చేయించారు, నాలుగో రోజుకల్లా అవే టెంట్లు వాగు పక్కన లేచాయి. ఇలా పార్కుల్లో పడుకునేవాళ్లకి ఫైన్ వేసుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2024లోనే చెప్పేసిందిగా, ఇంకా ఈ మెతకదనం దేనికి?

రెండో_కాఫీ:
తీర్పు మాట ఎత్తారు కాబట్టి చెప్తా, కాస్త పొడుగవుద్ది. ఆ కేసు మీ రాష్ట్రందే. గ్రాంట్స్ పాస్ అని దక్షిణాన సుమారు 38 వేల జనాభా ఉన్న ఊరు, ఇళ్లు లేనోళ్లు 600 దాకా ఉంటారని కోర్టులో లెక్క. కేసు నడిచేనాటికి అక్కడ పార్కులో దుప్పటి పరుచుకుని పడుకుంటే 295 డాలర్ల ఫైన్ ఉండేది, కట్టకపోతే అది 537 దాటేది, మళ్లీ దొరికితే 30 రోజులు పార్కులోకి రావద్దని ఆర్డర్, అదీ మీరితే ట్రెస్‌పాస్ (అక్రమ ప్రవేశం) కేసు, జైలు. 295 చేతిలో ఉన్నోడు మోటల్‌కి పోడా అండీ? షెల్టర్ ఉంది కదా అంటారేమో, అప్పట్లో పెద్దవాళ్లకి ఉన్నది ఒక్కటే, ఒక క్రైస్తవ సంస్థది, ప్రార్థనకి రావాలి, సిగరెట్ మానాలి, జీతం లేకుండా పని చెయ్యాలి అనేవాళ్లు.

2024 జూన్ 28న 6-3 తీర్పులో కోర్టు అన్నదల్లా ఈ ఫైన్లు రాజ్యాంగం నిషేధించిన క్రూరమైన శిక్ష కిందికి రావని, అంతే. ఫైన్ వేస్తే సమస్య తీరుద్దని ఎక్కడా అనలేదు. పైగా ఓరెగన్‌లో 2021 నుంచి వేరే చట్టం ఉంది, పబ్లిక్ స్థలాల్లో పడుకునేవాళ్ల మీద సిటీ పెట్టే రూల్స్ న్యాయంగా ఉండాలని. కేసు గెలిచిన ఆ ఊరి మీదే 2025లో ఆ చట్టం పట్టుకుని వికలాంగుల తరఫున దావా వేస్తే, చివరికి రాజీకొచ్చి టెంట్ వేసుకోడానికి 150 చోట్లు చూపిస్తామని ఒప్పుకుంది. ఆ చూపించేదేదో ముందే చూపిస్తే లాయర్ల ఖర్చన్నా మిగిలేది. ఇక్కడ పడుకోవద్దు అనేవాడే ఎక్కడ పడుకోవాలో కూడా చెప్పాలి, నా వాదన అంతే.

పన్ను_కట్టేవాడు:
బాగానే ఉంది బ్రో, కానీ 38 వేల మంది ఊరికి అంత డబ్బు ఎక్కడిది? డ్రగ్స్, మెంటల్ హెల్త్ ఇవన్నీ కౌంటీ (జిల్లా లాంటిది), రాష్ట్రం చూడాల్సినవి. 2020లో రాష్ట్రమంతా ఓటేసి డ్రగ్స్ కలిగుంటే నేరం కాదన్నారు, 2024 సెప్టెంబర్ నుంచి మళ్లీ నేరమే అన్నారు, మధ్యలో చెత్త ఎత్తింది మాత్రం సిటీ పార్కుల వాళ్లు. ఒక ఊరు మంచి షెల్టర్ కడితే పక్క ఊళ్లు తమవాళ్లని కూడా అక్కడికే తోలతాయి.

కేటీ_కోడలు:
మా హ్యూస్టన్‌లో కూడా బయట టెంట్లు వెయ్యకూడదనే రూల్ ఉందండీ. కాకపోతే టెంట్లు తీసేముందు ఒక్కొక్కరితో మాట్లాడి అద్దె ఇల్లు చూపిస్తారు, సిటీ, కౌంటీ, స్వచ్ఛంద సంస్థలు ఒకే లిస్టు పెట్టుకుని పనిచేస్తాయి. 2011తో పోలిస్తే ఇళ్లు లేనివాళ్లు సగానికి పైగా తగ్గారు. ఇక్కడ ఇళ్లు కట్టడం తేలిక, అద్దెలు తక్కువ, అదీ కలిసొచ్చింది. మీ వైపు ఆ అద్దెలకి అది కుదురుద్దా అంటే నాకూ డౌటే.

మలక్‌పేట్_మామ:
మనకాడ కూడా ఇదే లొల్లి. 1985ల బొంబాయి ఫుట్‌పాత్ కేసుల సుప్రీంకోర్టు ఏమన్నది? బతుకుతెరువు బతికే హక్కుల భాగమే అన్నది, కానీ ఫుట్‌పాత్ మీద ఇల్లు కట్టుకునే హక్కు లేదన్నది, నోటీసు ఇయ్యాలన్నది, వానకాలం అయిపోయేదాక ఆగమన్నది. తర్వాత 2010ల లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని ఆర్డర్ ఇచ్చింది. మన హైదరాబాద్‌ల ఎన్ని ఉండాలె, మీరే లెక్కేస్కోండ్రి. ఉస్మానియా దవాఖాన ముందట రాత్రి పోయి చూడుర్రి, పేషెంట్ల చుట్టాలే ఎంతమంది పండుకుంటరో.

రెండో_కాఫీ:
@పన్ను_కట్టేవాడు డబ్బు సంగతి ఒప్పుకుంటా, రాష్ట్రం ఇవ్వాల్సిందే. కానీ ఏ వీధిలో అపార్ట్‌మెంట్ కట్టొచ్చో, ఎక్కడ కట్టకూడదో పర్మిషన్ ఇచ్చేది ఎవరు? సిటీయే కదా. ఇళ్లు కట్టనివ్వదు, అద్దెలు పెరిగి జనం రోడ్డున పడితే మాకేం సంబంధం అంటది. కట్టనివ్వొద్దని కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లి మైకు పట్టుకునేది ఇళ్లున్న మనమే, అందులో మన తెలుగోళ్లం తక్కువేం కాదు, ప్రాపర్టీ వేల్యూ పడిపోద్దని ముందు వాట్సాప్ గ్రూప్ పెట్టేది మనమే. బాబాయ్, నిజం చెప్పండి, మీరెప్పుడూ సంతకం పెట్టలేదా?

వానలో_బాబాయ్:
పెట్టా. రెండేళ్ల కింద, మా వీధి చివర నాలుగంతస్తులది వస్తుందంటే, ట్రాఫిక్ పెరుగుద్దని. అది రాలేదు, ఆ స్థలం ఖాళీగానే ఉంది, టెంట్లు ఇప్పుడు దానికి ఆనుకునే ఉన్నాయి. ఇవాళ నాన్నగారు వాగు వైపు వెళ్లొచ్చారు, ఆ గుడ్ మార్నింగ్ ఆయన అక్కడే ఉన్నాడట. వచ్చే మంగళవారం కౌన్సిల్ మీటింగ్, వెళ్లి చోటు సంగతి అడుగుతా. కానీ పిల్లల ఇసుకలో సిరంజి విషయంలో మాత్రం నేను తగ్గను, ఉయ్యాలల దగ్గర టెంటు ఉండకూడదు, మీరు ఎన్ని తీర్పులు చెప్పినా సరే.